కడ్డీ మాట లేని నాలుగు పేజీలు

దిల్షాద్‌బీ లోపలికి రానంది.

తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చి మెట్టు మీద కూర్చున్న మనిషి ఏడు దాటినా కదల్లేదు. సరోజమ్మ తెచ్చి పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

"లోపలికి రా దిల్షాదూ. వీధిలో అందురూ చూస్తాండారు."

"చూడనీలే వదినా. ఇరవై రెండు దినాల నుంచి నన్ను చూసి అందురూ మొగం తిప్పుకుంటాండారు. ఈ పొద్దన్నా చూడనీ."

"ఎంతసేపని కూర్చుంటావు ఈడ?"

"తిమోతన్న జమ్మలమడుగు బస్సెక్కిందాకా. ఆయప్ప ఎక్కితే నేనూ ఎక్కుతా."

కొడుకు జైల్లో ఉన్న తల్లిని మెట్టు మీద నుంచి లెమ్మనడానికి నోరు రావాలి గదా. సరోజమ్మకు రాలేదు. తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లింది.

ఆ ఇల్లు ప్రొద్దుటూరులో రెండు వీధులు కలిసే మూల మీద ఉంది. ఎడమకు తిరిగితే దిల్షాద్‌బీ ఉండే గాజులవీధి, కుడికి తిరిగితే నేతగాళ్ల మగ్గాలవీధి. గుమ్మానికి ఎదురుగా నేలలో నీళ్ల వాల్వులుండే గుంత, దాని మీద ఇనప మూత. మూత పక్కన కాలిపోయిన అరటిపండ్ల బండి ఇంకా అలాగే పడి ఉంది. తీసేయాల్సింది మీరంటే మీరని రెండు వీధులూ దాని జోలికి పోలేదు.

లోపల ప్రభుదాస్ చదువుతున్నాడు. సరోజమ్మకు అన్న. పులివెందులలో హెడ్మాస్టరుగా రిటైరై ఐదేళ్లయింది గానీ ఆ గొంతు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. మొదటి బస్సుకు దిగి, మంచినీళ్లయినా తాగకుండా సంచిలోంచి టైపు చేయించిన నాలుగు పేజీలు తీశాడు. చెల్లెలి మొగుడు తిమోతి ఈ రోజు జమ్మలమడుగులో విచారణ అధికారికి ఇవ్వాల్సిన వాంగ్మూలం అది.

"'ఇట్టి అల్లర్లకు మూలకారణములు అనేకము. నేతవృత్తి పతనము. యువతలో నిరుద్యోగము. గల్ఫ్ నుండి తిరిగి వచ్చినవారి నైరాశ్యము. తాగునీటి కొరత. సెల్‌ఫోన్లలో వదంతులు. పరస్పర అవగాహనా లోపము.' వింటాండావా బావా?"

"వింటాండా."

"ఇంత వివరంగా ఎవురూ రాసిచ్చిండరు. ఆ ఆఫీసరే మెచ్చుకుంటాడు చూడు."

తిమోతి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. యాభై ఏడేళ్ల మనిషి. ఊళ్లో ఆయన్ని నీళ్ల తిమోతి అంటారు. వాళ్ల నాయన కూడా మున్సిపాలిటీ తరఫున నీళ్లు విడిచేవాడే. ఒక వారం గాజులవీధికి ముందు నీళ్లు, మరు వారం మగ్గాలవీధికి ముందు. ఆ వరస పెట్టింది వాళ్ల నాయనే. వాల్వు తిప్పే కడ్డీతో మూత మీద మూడు దెబ్బలు కొడితే బిందెలు బయటికొస్తాయి. ముప్పై ఏళ్లలో ఆ మూడు దెబ్బలను అనుమానించినవాళ్లు రెండు వీధుల్లోనూ లేరు.

జడ వేసుకుంటూ వచ్చిన గ్రేస్ మేనమామ చేతిలో నుంచి పేజీలు తీసుకుంది. తిమోతి కూతురు, దగ్గర్లోని ప్రైవేటు బడిలో టీచరు. నిలబడే చదివింది, ఒక్క మాటా వదలకుండా.

"అన్నీ నిజమే మామా. దీంట్లో కడ్డీ యాడుండాది?"

ప్రభుదాస్ కళ్లద్దాలు తీశాడు. "కడ్డీ చిన్న విషయమ్మా."

"జిలానీని లోపలేసింది ఆ చిన్న విషయానికే గదా."

వంటింట్లో ఉగ్గాని తిరగమోత వాసన వస్తోంది, దాని మీద ఎవరికీ మనసు లేదు.

మగ్గాలవీధిలో చౌడమ్మ జ్యోతి పండగ నాటి పొద్దున ఎవరో మేడ మీద నుంచి తీసిన పదకొండు సెకన్ల వీడియో ఊరంతా తిరిగింది. అందులో దిల్షాద్‌బీ కొడుకు జిలానీ కడ్డీ పట్టుకుని వాల్వు తిప్పుతూ కనబడతాడు. పండగ పూట వీధి కడిగి ముగ్గు వేసుకోవడానికి చుక్క నీళ్లు లేక ఎదురుచూస్తున్న మగ్గాలవీధికి ఆ పదకొండు సెకన్లు చాలాయి. అరగంటలో రాళ్లు లేచాయి. కువైట్ నుంచి తిరిగొచ్చి నాలుగు నెలలైనా కాని జిలానీ, కావాలని నీళ్లు కట్టేసి గొడవ రేపినవాడయ్యాడు. తిమోతి స్టేషన్‌లో, కడ్డీని తన ఇంట్లోంచి ఎవరో ఎత్తుకుపోయారని సంతకం పెట్టి వచ్చాడు.

కడ్డీ ఇచ్చింది తిమోతే. ఆ సంగతి కిటికీలోంచి చూసిన సరోజమ్మకు తెలుసు. పోయిన ఆదివారం ఆరాధన నుంచి వస్తూ ఆమె నోరు జారడంతో గ్రేస్‌కూ తెలిసింది.

"భుజం నొప్పి, వాల్వు బిగుసుకుపోయింది, నువ్వు తిప్పు నాయనా అని నేనే ఇచ్చినానని ఒక్క మాట చెప్తే సాలు," అంది గ్రేస్.

"చెప్తే ముందు ఇచ్చిన సంతకం అబద్ధమని మీ నాయన్ని కూర్చోబెడతారు," అన్నాడు ప్రభుదాస్. "సూడమ్మా, నేను సోషల్ చెప్పినోన్ని. ఊరు తగలబడడానికి వంద కారణాలుంటాయి. ఆ వందలో మీ నాయన ఒకడు. ఒక్కన్ని పట్టుకుని ఊరి పాపమంతా నెత్తిన పెడితే ఎట్ల?"

"జిలానీ ఎన్నోవాడు మామా ఆ వందలో?"

ప్రభుదాస్‌కు కోపం వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ప్రశ్నకు ప్రశ్న వేసిన పిల్లలను ఆయన బెంచీ ఎక్కించేవాడు. ఇక్కడ బెంచీ లేదు.

సరోజమ్మ గరిటెతోనే వచ్చింది. "గ్రేసూ, నోరు మూసుకో. నీకేం, పొద్దున బడికి పోతావు, సాయంత్రం వస్తావు. ఈ మూలింట్లో పగలంతా ఉండేది నేను. ఆ పొద్దు ఎడం పక్క కిటికీ గాజులవీధోళ్లు పగలగొట్టిరి, కుడి పక్కది మగ్గాలోళ్లు పగలగొట్టిరి. ఇంకేం మిగిలిందని పగలగొట్టించుకుంటావు?"

"అమ్మా, ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి మన కిటికీ పగలగొట్టలేదు."

"నాకు తెలీదా?" సరోజమ్మ గొంతు తగ్గింది. "నువ్వు పుట్టేటప్పుడు నాకు నొప్పులొస్తే ఆటో పిలుచుకొచ్చింది ఆమె. నాకు తెలీదా?"

గ్రేస్ తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాయనా, ఒకటి అడుగుతా. రాళ్లు పడినాక పిల్లోళ్లు విడిగా కూర్చుంటాండారంటే అర్థముండాది. నా క్లాసులో రంజాను నెల మొదలైనప్పటి నుంచే విడిగా కూర్చుంటాండారు. అప్పటికి ఏ గొడవా లేదు. ఎందుకురా అంటే, వాళ్లు మా నీళ్లు తాగేస్తాండారు టీచర్, అంటారు. రెండు వీధుల పిల్లోళ్లూ అదే మాట. ఆ మాట వాళ్లకు యాడినుంచి వచ్చింది?"

తిమోతి కూతురి మొహంలోకి చూడలేదు. లేచి కొక్కేనికి ఉన్న చొక్కా తీసుకున్నాడు.

"ఆ కాయితాలు ఇయ్యి," అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బస్సుకు యాలయితాంది."

ప్రభుదాస్ తేలిగ్గా ఊపిరి తీశాడు. సరోజమ్మ మాత్రం మొగుడి చేతులకేసి చూసింది. ఇరవై రెండు రోజులుగా ఆ చేతులు అన్నం ముద్ద సరిగా కలపలేకపోతున్నాయి.

*

జమ్మలమడుగు బస్సులో తండ్రీకూతుళ్లు ఒక సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో దిల్షాద్‌బీ. బడికి సెలవు పెట్టి నువ్వెందుకని తిమోతి అడగలేదు. రావద్దని కూడా అనలేదు.

బస్సు ఊరు దాటింది. రోడ్డుకు రెండు వైపులా కోసేసిన శనగ చేలు పగుళ్లిచ్చి ఉన్నాయి.

"తిమోతన్నా," వెనక నుంచి దిల్షాద్‌బీ పిలిచింది. "నిన్న జిలానీని చూసొచ్చినా."

"ఎట్లుండాడు?"

"గడ్డం పెరిగినాది. తింటాండావా నాయనా అంటే తింటాండా అన్నాడు. నీ గురించి అడిగినాడు."

తిమోతి వెనక్కి తిరగలేదు.

"మామకు వయసైపోయింది, ఆ గలాటాలో మర్చిపోయింటాడమ్మా, అంటాడు. నువ్వు పోయి గుర్తు చెయ్యి, కడ్డీ చేతికిచ్చినాడని గుర్తొస్తే ఆయప్పే వచ్చి చెప్తాడు, అంటాడు. నీ మీద ఒక్క మాట అననియ్యలేదు నన్ను. అందుకే గుర్తు చేస్తాండా అన్నా. అంతే. కొట్లాటకు రాలేదు."

గ్రేస్ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు, అంటే కొంచెం బరువు దిగుతుంది. ఆ అబ్బాయి ఆ దారి కూడా మూసేశాడు.

"గుర్తుండాది," అన్నాడు తిమోతి.

కండక్టరు టికెట్టు కోసం చెయ్యి చాచాడు. దిల్షాద్‌బీ కొంగు ముడి విప్పబోతే గ్రేస్ ముగ్గురికీ తీసుకుంది.

*

విచారణ పదకొండుకన్నారు. పన్నెండైనా మొదటి మనిషి బయటికి రాలేదు. ఆఫీసు వరండాలో పొడుగాటి బల్ల ఒక్కటే ఉంది. దాని మీద ఒక చివర అప్పటికే పెంచలమ్మ కూర్చుని నోటీసు కాగితంతో విసురుకుంటోంది.

పెంచలమ్మది మగ్గాలవీధి. ఆ రోజు రాయి తగిలి ఆమె మొగుడికి కుడికన్ను పోయింది. నేసేవాడికి కన్ను పోతే ఏం పోయినట్టో వేరే చెప్పనక్కర్లేదు. జిలానీ మీద చెప్పడానికే ఆమె వచ్చింది.

దిల్షాద్‌బీని చూసి మొహం అటు తిప్పుకుంది. బల్ల మీద ఇంకా ఇద్దరికి చోటుంది. దిల్షాద్‌బీ నిలబడే ఉంది.

ఎండ వరండా సగం దాకా వచ్చింది. దిల్షాద్‌బీ కాళ్లు మార్చి మార్చి నిలబడుతోంది. చివరికి పెంచలమ్మే, ఎటో చూస్తూ అంది.

"కూర్చో. బల్ల నాదేం కాదు."

దిల్షాద్‌బీ కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"ఆయప్పకు ఎట్లుండాది పెంచలక్కా?"

"ఎట్లుంటాది? ఒంటి కన్నుతో పోగులు కనపడవు. ఆర్నెల్ల నుంచి మగ్గమెట్లాగూ నిలబడే ఉండాది, ఇప్పుడు మనిషి కూడా నిలబడినాడు." విసురుకోవడం ఆపింది. "మీకు మేమేం చేసినాం దిల్షాదూ? ఒక్క పండగ. సంవత్సరానికి ఒక్క జ్యోతి. ఆ పొద్దన్నా నీళ్లు రానీకూడదా?"

"మేం ఆపలేదక్కా. అల్లా మీద ఒట్టు. మాకే లేవు. రంజాను నెలంతా తెల్లారకముందే తినే సహరీ పొద్దు బిందె అడుగున మిగిలిన నీళ్లు గ్లాసులతో పంచుకున్నాం."

"మీకెందుకుండవు? ఇంటింటికీ మోటరు పెట్టి గుంజుతిరి గదా."

"మోటరా?" దిల్షాద్‌బీ తెల్లబోయింది. "మా వీధిలో ఒక్క మోటరు చూపించు. మోటర్లు పెట్టింది మీరు గదా. మగ్గాల మోటర్లు విప్పి కుళాయిలకు బిగించినారని మాకు తెలుసు."

"ఆ మోటర్లు తుప్పు పట్టి మంచం కింద ఉండాయి. వచ్చి చూసుకో. ఎవురు చెప్పినారు నీకు?"

"నీకెవురు చెప్పినారు మేం గుంజినామని?"

"ఇంకెవురు చెప్తారు. నీళ్లిడిసే మనిషే చెప్పినాడు."

"మాకూ ఆయప్పే చెప్పినాడక్కా," అంది దిల్షాద్‌బీ.

పొద్దున తను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదన్నమాట అనుకుంది గ్రేస్. నాలుగు పేజీల్లో మామ రాసిన వంద కారణాలూ నిజమే. మగ్గాలు నిలబడటం నిజం, గల్ఫ్ నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన పిల్లలు నిజం, పని లేని మధ్యాహ్నాలు నిజం. వాటితో నలుగుతున్న రెండు వీధులను ఒకదాని మీదికి ఒకటి తోసిన మాట మాత్రం తన ఇంట్లోంచే బయటికి పోయింది.

ఆడవాళ్లిద్దరూ ఒకేసారి తల తిప్పారు. స్తంభం పక్కన తిమోతి నిలబడి ఉన్నాడు.

"ఏం తిమోతప్పా," అంది పెంచలమ్మ. గొంతు పెంచలేదు. "మా వీధిలో ఏం చెప్తివి, వాళ్ల వీధిలో ఏం చెప్తివి?"

"నాయనా," అంది గ్రేస్.

తిమోతి స్తంభం పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"బైపాసు రోడ్డు కాడ కొత్త ఇండ్ల వెంచరు పడింది చూడు. దానికి మన లైను నుంచే మూడో వాల్వు పెట్టినారు. ముందు ఒక గంట ఆ పక్క ఇడువు, కాయితమేం ఉండదు, నోటిమాటే, అన్నాడు సూపర్‌వైజరు. ఇడిసినా. మీ రెండు వీధులకూ నీళ్లు సన్నగా వచ్చినాయి. పొద్దున్నే బిందెలు పట్టుకుని మీరు నా మీదికొచ్చి అడిగితే ఏం చెప్పల్ల?"

"ఏం చెప్పినావు?"

"నీకు గాజులవీధోళ్లు గుంజుతాండారని చెప్పినా. ఆమెకు మగ్గాలవీధోళ్లని చెప్పినా. ఆ పొద్దుకు గడిస్తే సాలనుకున్నా. నేను చెప్తే మీరు నమ్మినారు. మళ్లా పొద్దున అడిగినారు, మళ్లా అదే చెప్పినా."

"ఎన్ని దినాలు?"

"నలబై."

పెంచలమ్మ పెదవులు కదిపి ఏదో లెక్కపెట్టుకుంది. మొగుడి కన్ను పోయేదాకా ఆ నలభై రోజుల్లో తను పొరుగు వీధిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చినట్టున్నాయి.

"జ్యోతి పొద్దు?" దిల్షాద్‌బీ అడిగింది. "నా కొడుకు తిప్పింది ఏ వాల్వు?"

"మూడోది. వెంచరులో ఎవరిదో గృహప్రవేశమంట, రెండు గంటలు ఇడవమన్నారు. జిలానీ వచ్చి ఈ పొద్దన్నా రెండు వీధులకూ ఇడువు మామా అన్నాడు. నాకు సిగ్గేసింది. కట్టేద్దామని కడ్డీ వాని చేతికిచ్చినా. వాడు కట్టింది వెంచరు నీళ్లు. మీ నీళ్లు ఆపేదానికి కాదు పెంచలమ్మా, మీ ఇద్దరికీ రానిచ్చేదానికే తిప్పినాడు."

లోపల ఆఫీసులో ఎవరి కాగితాలో ఫ్యాను గాలికి కొట్టుకుంటున్నాయి. గ్రేస్ తండ్రి దగ్గరికి పోలేదు. నాన్న మీద ఇంత అసహ్యమూ ఇంత జాలీ ఒక్కసారిగా వస్తాయని ఆమెకు అంతవరకూ తెలీదు.

పెంచలమ్మ రవికెలోంచి ఫోను తీసింది.

"ఎవురికి చేస్తాండావు పిన్నీ?" అడిగింది గ్రేస్.

"మా మరిదికి. వీధిలో అందురికీ తెలియల్ల."

మూలింట్లో అమ్మ ఒక్కతే ఉంది. ప్రభుదాస్ మామ ఉన్నా, ఉపన్యాసం తప్ప ఆయన చేయగలిగింది లేదు. గ్రేస్ రెండడుగులు ముందుకు వేసింది. కానీ ఆమె కంటే ముందు దిల్షాద్‌బీ చెయ్యి చాచి ఫోను మీద వేసింది.

"ఆగక్కా."

"ఎందుకాగల్ల? నీ కొడుకును జైల్లో పెట్టించిన మనిషిని కాస్తాండావా?"

"ఆయప్ప కోసం కాదు. ఇప్పుడే నీ వీధి లేచిందంటే, కూతురూ తండ్రీ ఇంటికి పరిగెత్తుతారు. లోపల చెప్పేవాడు ఉండడు. నా కొడుకు జైల్లోనే ఉంటాడు." ఖాళీలోకి జరిగి పెంచలమ్మ పక్కకు వచ్చింది. "ఈ మాట ఆ ఆఫీసరు ముందర చెప్పనీ. ఆనక ఎవురికన్నా చెయ్యి, నేను అడ్డం రాను."

పెంచలమ్మ ఆమె చేతిని తోసేయలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"తిమోతప్ప ఆ గదిలోంచి బయటికొచ్చిందాకా ఆగుతా. వచ్చినాక ఒక్క నిమిషం ఆగను."

అటెండరు తలుపు తీసి పిలిచాడు. "ఎవరప్పా తిమోతి? నీళ్ల డ్యూటీ తిమోతి."

తిమోతి లేచాడు. జేబులోంచి నాలుగు పేజీలు తీసి, బల్ల మీద ఆడవాళ్ల పక్కన పెట్టాడు. గ్రేస్ తలుపు దాకా వెంట వెళ్లింది. అటెండరు ఆమెను అక్కడే ఆపాడు, కానీ ఉక్కగా ఉందని తలుపు మూయలేదు.

అధికారి ఫైలులోంచి ఒక కాగితం పైకి తీసి చూపించాడు.

"కడ్డీ దొంగతనం జరిగిందని స్టేషన్‌లో రాసిచ్చావు. ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఇందులో మార్చేదేమైనా ఉందా? బాగా ఆలోచించి చెప్పు. మారిస్తే, మొదట అబద్ధం రాసిచ్చినందుకు నీ మీద కూడా చర్య ఉంటుంది."

తిమోతి తల తిప్పి గుమ్మంలో ఉన్న కూతురిని చూశాడు. మళ్లీ అధికారి వైపు తిరిగాడు.

"ఉండాది సార్. కడ్డీ నేనే ఇచ్చినా..."

అప్పుడే వరండాలో ఫోను మోగింది. గ్రేస్ వెనక్కి తిరిగింది. పెంచలమ్మ ఒళ్లోని ఫోను మీద వాళ్ల మరిది పేరు వెలుగుతోంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. దిల్షాద్‌బీ చెయ్యి ఇంకా ఆమె మోకాలి మీదే ఉంది.